పిచ్చుక కాళ్ళ పట్టీలు

పిల్ల ఎక్కడుందో తెలుసుకోవడానికి ఆ తల్లికి పిలవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. పిల్ల కాళ్ళకు మువ్వల పట్టీలున్నాయి. గడప దాటితే ఒక రకంగా, మంచమెక్కితే ఇంకో రకంగా, అలిగి గోడవైపు తిరిగి కూర్చుంటే మరో రకంగా మోగేవి. తల్లికీ తండ్రికీ పుట్టుకతోనే చూపు లేదు. పిల్లవి మాత్రం నిక్షేపంలాంటి కళ్ళు. పాకే వయసులో ఒకసారి నీళ్ళ తొట్టి అంచు పట్టుకుని లోపలికి వంగింది. తండ్రి చెయ్యి దాని గౌనుకు తగలడం ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ పైకి అనరు. మర్నాడే అతను కంసాలి దగ్గర కూర్చుని, అందం సంగతి తర్వాత, ముందు చప్పుడు రావాలని చెప్పి ఆ పట్టీలు చేయించాడు. పిల్ల ఎదిగినకొద్దీ కంసాలి ఒక్కో కొలికి కలుపుతూ వచ్చాడు. ఇప్పుడు పిల్లకు పదేళ్ళు. నేలమీద కాలు నిలవదని వీధిలో అంతా పిచ్చుక అంటారు.

ఆ సాయంత్రం మువ్వలు గేటు దగ్గర నుంచి ఈడ్చుకుంటూ వచ్చాయి. రోజూ మెట్ల మీద ఒక గెంతు ఉంటుంది. ఇవాళ అది లేదు. గడప దగ్గర ఆగిపోయి, చాలాసేపు అక్కడే ఉన్నాయి. తల్లి పొయ్యి తగ్గించి వెళ్ళి, పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు. మెడ దగ్గర చెమట, జడలో సుద్దముక్క వాసన, అంతే.

"రేపు ఇవి తీసేసి వెళ్ళనా అమ్మా?" అంది పిల్ల.

ఎందుకని అడిగితే ఊరికేనంది. ఊరికే ఎవరైనా తీస్తారా అని తల్లి నవ్వబోయింది కానీ, పిల్ల కాలు నేలకు రాస్తున్న చప్పుడు విని నవ్వు మానుకుంది.

విషయం మేడమీద అద్దెకుండే మామ్మ నోట బయటపడింది. ఆవిడకు మెట్లు దిగడమంటే నలుగురి సంగతులూ దింపడమే. మెట్ల మధ్యలో కూలబడి, మోకాళ్ళు నొక్కుకుంటూ చెప్పింది.

"నీ కూతుర్ని బళ్ళో ఐసుబండి అంటున్నారుటమ్మాయ్. అది వస్తుంటే అందరూ ఐసు, ఐసు అని అరుస్తున్నారుట. పిల్లలదాకా ఎందుకు, నేనే ఐసుబండి గంటలనుకుని రెండుసార్లు మోసపోయి గిన్నె పట్టుకుని దిగాను."

లోపలినుంచి ఒక్క మువ్వ కూడా కదల్లేదు. పిల్ల అంతా వింటోందని తల్లికి అర్థమైంది. మామ్మకూ అర్థమైనట్టుంది. గొంతు తగ్గించి, మువ్వలంటే తనకూ ఇష్టమేననీ, మేడమీద ఒంటరిగా ఉన్నప్పుడు అవి వినిపిస్తుంటే కింద మనుషులున్నారన్న ధైర్యమనీ గొణిగి పైకి వెళ్ళిపోయింది.

తల్లి పనిచేసేది ఒక పెద్ద హోటలు లాండ్రీలో. దుప్పట్లు మడత పెట్టడం ఆమె పని. వేడి దిగని దుప్పటి చేతిలోకి రాగానే వేళ్ళు అంచు కుట్టు వెతుకుతాయి. కుట్టు మందంగా ఉన్నది తలవైపు, పల్చగా ఉన్నది కాళ్ళవైపు. మూలలు కలిపి, గాలి పోయేలా అరచేత్తో రాసి, పక్కకు పెట్టాలి. మర్నాడు ఆమె కాళ్ళవైపు అంచులు పైకి పెట్టి ఒక దొంతర దొంతరంతా తప్పు పేర్చింది. మేస్త్రమ్మ చూసి తిట్టబోయి ఆగి, ఇంట్లో ఏమైందని అడిగింది. విని, భోజనాల గంట కొట్టకముందే బడికి వెళ్ళి రమ్మంది.

బడి గేటు తీస్తూనే ఆమెకు మువ్వలు వినిపించాయి. అది ఆటల సమయం కాదు. గదుల్లోంచి పిల్లలు ఒక్క గొంతుతో పాఠం చదువుతున్నారు. ఆ చప్పుడంతా ఒకవైపు, ఈ మువ్వలొక్కటే ఇంకోవైపు. ఆమె చేతికర్రతో మెట్టు వెతుక్కుని వరండా ఎక్కింది.

"ఇక్కడేం చేస్తున్నావే?"

పిల్ల లేచి నిలబడింది. స్టూలు కిర్రుమంది. చేతిలో పలక ఉంది. తల్లి చెయ్యి చాచి తడుముతుంటే అది ఆమె గోటికి గీసుకుంది. తలుపు పక్కనుంచి వినబడే పాఠాన్ని పిల్ల బయట కూర్చుని రాసుకుంటోంది. ఎన్నాళ్ళనుంచి అని అడిగితే మువ్వలు ఒకసారి సన్నగా వణికాయి.

టీచరు బయటికి వచ్చింది. సుద్దపొడికి ఎండిపోయిన, అలసిన గొంతు. మొదట ఆమె గొంతులో బెదురు ఉంది, తర్వాత కాస్త కోపం వచ్చింది. డిక్టేషను చెబుతుంటే పిల్ల కాలు కదుపుతుంది, వెనక బెంచీ వాళ్ళు నవ్వుతారు, ఒకరు నవ్వితే గదంతా నవ్వుతుంది. పరీక్షలు దగ్గరికొచ్చాయి. పట్టీలు తీసి రమ్మని పిల్లకు చెబితే, మా అమ్మ ఒప్పుకోదని చెప్పిందట. ఇంకేం చెయ్యాలో తోచక బయట కూర్చోబెట్టింది.

"నేను రాక్షసిని కానమ్మా. నీడలోనే కూర్చోబెట్టాను. స్టూలు కూడా వేయించాను" అంది.

తల్లికి చాలా అనాలనిపించింది. తప్పు నవ్వినవాళ్ళదైతే బయట కూర్చోవాల్సింది తన పిల్లేనా అని అడగాలనుకుంది. కానీ తనను చూసి ఆ నవ్వులు ఎక్కువవుతాయేమో, తను వెళ్ళిపోయాక ఈ వరండాలో మిగిలేది పిల్లే కదా అని నోరు రాలేదు.

"మీరు తలెత్తితే మీ పిల్లలు కనిపిస్తారు కదండీ" అంది చివరికి. "నాకు దాని మొహం ఆ చప్పుడే."

లోపల గోల మొదలైనా టీచరు వెనక్కి తిరిగి కసరలేదు. కాసేపటికి తనే ఒక దారి చెప్పింది. పొద్దున గేటు దగ్గర పట్టీలు తీసి తన సొరుగులో పెడుతుంది. సాయంత్రం బడి గంట కొట్టాక తనే తొడిగి పంపుతుంది. మర గట్టిగా తిప్పి మరీ పంపుతానంది. ఒప్పుకోక తల్లి చేసేదేముంది. అక్కడికక్కడే టీచరు వంగి పిల్ల కాళ్ళ మరలు విప్పింది. పిల్ల ఒక్క ఉదుటున గదిలోకి పరిగెత్తింది. అడుగుల చప్పుడే లేదు. తన ముందునుంచి గాలి కదిలినట్టు తెలిసిందంతే.

రెండు రోజులు మాట ప్రకారం జరిగింది. మూడో రోజు సాయంత్రం టీచరు ఏదో మీటింగుకు వెళ్ళిందట. పట్టీలు పిల్ల సంచిలో పెట్టి, ఇంటికెళ్ళి తొడుక్కోమని చెప్పి పంపింది. ఆ సంగతి తల్లికి తర్వాత తెలిసింది. ముందు తెలిసింది మాత్రం గేటు గడియ చప్పుడొక్కటే.

"వచ్చావా?" అంది వంటగదిలోంచి.

జవాబు లేదు. గాలికి గడియ కదిలిందేమోననుకుంది. గిన్నె మీద మూతపెట్టి, తల పక్కకు వంచి విన్నది. మామ్మ మేడమీద ఏదో దంచుతోంది. దూరంగా బస్సులు. చెయ్యి చాచి ముందుగదిలోకి వచ్చింది. "పిచ్చుకా" అని పిలిచింది. ఇంట్లో తను ఆ పిల్లను పిలవడం ఎంత కొత్తగా ఉందో అప్పుడు తెలిసింది. గొంతు తనది కానట్టు పలికింది. మంచం తడిమింది. తలుపు వెనక తడిమింది. ముందుకెళ్ళి గేటు మీద చెయ్యి వేసింది. గడియ తీసే ఉంది.

వెనక్కి తిరిగి గోడవారగా వస్తుంటే ఒకచోట గాలి వేడిగా తగిలింది. సుద్ద వాసన. ఎవరో ఊపిరి బిగబట్టి ఉన్నారు. చెయ్యి చాపితే జడ దొరికింది.

అంతసేపూ పిల్ల అక్కడే ఉంది. గోడకు అతుక్కుని, కళ్ళు విప్పుకుని, తల్లి మంచం తడమడం, తలుపు వెనక వెతకడం, గాలిలో చేతులాడించడం అన్నీ చూస్తూ నిలబడి ఉంది.

"ఎందుకు పలకలేదు?"

"ఊరికే" అంది పిల్ల. కాసేపాగి నిజం చెప్పింది. "నువ్వెలా వెతుకుతావో చూద్దామని."

తల్లి చెయ్యి లేచింది. పిల్లను కొట్టడం అదే మొదటిసారి కాబట్టి దెబ్బ ఎక్కడ పడాలో చేతికి తెలియలేదు. చెవి మీద పడింది. తర్వాత ఆమె సంచి బోర్లించి, పుస్తకాల మధ్య పట్టీలు వెతికి, పిల్లను మంచం మీద కూలేసి, కాళ్ళు ఒళ్ళోకి లాక్కుంది. మరలు వేళ్ళతో బిగించి, సరిపోలేదనిపించి, భర్త పనిముట్ల డబ్బాలోంచి పట్టకారు తెచ్చి బిగించింది. నొప్పిగా ఉందమ్మా అంది పిల్ల. ఏడుపు లేదు ఆ గొంతులో. ఏడ్చినా బాగుండేదనిపించింది తల్లికి.

తండ్రి వైరు కుర్చీలు అల్లుతాడు. ఫర్నిచరు దుకాణం ముందు నేలమీద కూర్చుని, చట్రాన్ని కాళ్ళ మధ్య బిగించి, వైరు లాగిలాగి అతని వేళ్ళ కణుపుల దగ్గర చర్మం గట్టిపడింది. ఇంటికి వచ్చాక అవి వేడినీళ్ళలో ముంచి కూర్చుంటాడు. ఆ సాయంత్రం నీళ్ళలో చేతులు పెట్టుకునే అంతా విన్నాడు. పిల్ల లోపల ఉంది. మువ్వలు ఉండుండి మోగుతున్నాయి. గట్టిగా బిగించినందుకేమో వాటి చప్పుడు కూడా మారింది.

పిల్లలన్నాక ఏదో చేస్తారు, ఎప్పుడో ఒకప్పుడు ఇవి తీయాల్సినవే కదా అన్నాడతను. తల్లికి ఒళ్ళు మండింది. మీకేం, పగలంతా కుర్చీల మధ్య ఉంటారంది. ఇల్లు బావురుమంటుంటే ఎలా ఉంటుందో తనకు తెలుసంది. అది ఎదురుగా నిలబడి తనను చూస్తుంటే తను గుడ్డిదాన్నని మొదటిసారి అనిపించిందని కూడా అంది. ఆ మాట వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ వచ్చేది కాదు.

అతను నీళ్ళలోంచి చేతులు తీసి తుడుచుకున్నాడు.

"మనం దాన్ని వినని గడియ లేదే. అది ఎక్కడికెళ్తే మన చెవులు అక్కడికెళ్తాయి. నీ వెనకాల రోజంతా ఎవరో ఒకరు నిలబడి ఉంటే నీకెట్లా ఉంటుంది?" అన్నాడు.

"ఎవరోనా? నేను దాని తల్లిని."

"తల్లివే. కాదన్నానా. రేపు సెలవు కదా, ఓ పూట దాని మానాన దాన్ని వదిలెయ్. పిలవకు. వెళ్ళి తడమకు."

మర్నాడు అతను పనికి వెళ్ళాక తల్లి ఆ మాట నిలబెట్టుకోవాలనుకుంది. పిల్ల టిఫిను తిని లోపలి గదిలోకి వెళ్ళింది. కాసేపు మువ్వలు అటూ ఇటూ తిరిగాయి. బల్ల జరిగిన చప్పుడయింది. టేబుల్ ఫ్యాను వేసుకుంది. అది మెడ తిప్పుతూ తిరిగే పాత ఫ్యాను. ఆ మూల నుంచి ఈ మూలకు వచ్చినప్పుడు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ వెనక్కి తిరుగుతుంది. కొంతసేపు మువ్వలు ఆగి, మళ్ళీ మొదలయ్యాయి. ఘల్. కాస్త ఎడం. మళ్ళీ ఘల్. మంచం అంచున కూర్చుని కాలు ఊపుతోందన్నమాట. ఎక్కాలు మనసులో చదువుకునేటప్పుడు అలాగే లెక్కగా ఊపుతుంది.

తల్లి గుమ్మానికి ఇవతల చాప వేసుకుని, ఉతికిన బట్టలు ముందేసుకుని మడతపెట్టడం మొదలుపెట్టింది. ఎదురుగా కూర్చుని మాట్లాడటం కంటే గోడ అడ్డం పెట్టుకుని మాట్లాడటం తేలికనిపించింది. చెవి మీద కొట్టి ఉండకూడదని చెప్పింది. కొట్టాక తన చెయ్యి చాలాసేపు మండిందని చెప్పింది. ఘల్, అంది లోపల. లాండ్రీలో దుప్పట్ల దొంతర తలకిందులు చేసిన సంగతి చెప్పి, మేస్త్రమ్మ గొంతును అనుకరించింది. పిల్ల నవ్వుతుందని ఎదురుచూసింది. నవ్వలేదు. ఇంకా అలక తీరలేదనుకుంది. పిల్ల గౌను చేతిలోకి వచ్చింది. దాని కుట్టు వదులు చెయ్యాలి, ఎదుగుతోంది.

"నిన్న నువ్వు పలకనప్పుడు" అంది గౌను మడతపెడుతూ, "నువ్వు పోయావేమో అనుకున్నానే. గేటు దాటి పోయావని కాదు. నాకు లేకుండా పోయావని."

ఘల్. ఎడం. ఘల్.

ఇంతలో కరెంటు పోయింది. ఆమెకు కరెంటు పోవడమంటే ఫ్యాను రెక్కల చప్పుడు సన్నగిల్లడమే. రెక్కలు నెమ్మదించాయి. ఫ్యాను మెడ ఆగింది. మువ్వలూ ఆగాయి.

ఆమె చేతిలో గౌను అలాగే ఉండిపోయింది. కరెంటు పోతే పిల్ల కాలెందుకు ఆపింది? ఉక్కపోస్తే లేస్తుంది, విసుక్కుంటుంది, కిటికీ దగ్గరికి పోతుంది. ఏ చప్పుడూ లేదు.

లోపలికి వెళ్ళింది. మంచం చల్లగా ఉంది. దిండు పొంగి ఉంది. ఫ్యాను ముందు స్టూలు మీద పట్టకారు తగిలింది. ఆ పైన ఫ్యాను జాలీ మీద వేళ్ళు పెడితే, తీగకు తగిలించిన రెండు పట్టీలు చల్లగా చేతిలోకి వచ్చాయి.

కర్ర తీసుకోలేదు. చెప్పుల్లో ఒకటి తనది, ఒకటి భర్త పాతది. మెట్ల దగ్గరికి పరిగెత్తి మామ్మను కేకేసింది. మామ్మ వెక్కిరింపు గొంతుతోనే బయటికి వచ్చి, ఆ మొహం చూసిందో ఏమో, గబగబా దిగి వచ్చింది. పొద్దుటినుంచి పిల్లను చూడలేదంది. భర్తకు ఫోను చెయ్యమని ఆమెకు చెప్పి తల్లి వీధిలోకి పడింది.

కరెంటు లేకపోవడంతో వీధంతా ఒకటే రొద. జిరాక్సు కాపీలు తీసే దుకాణం ముందు జనరేటరు మోగుతోంది. రేకు డబ్బాలు చేసే అతను సుత్తితో బాదుతున్నాడు. టీ కొట్టువాడి దగ్గర బ్యాటరీలతో పనిచేసే రేడియో. ఆమె గోడలు తడుముకుంటూ పేరు పెట్టి పిలుస్తూ నడిచింది. ఆడుకునే పిల్లలు ఇద్దరు ఎదురయ్యారు. దాగుడుమూతలు ఆడుతున్నామనీ, పిచ్చుక కూడా ఆడిందనీ, ఎంత వెతికినా దొరకలేదనీ, ఇక విసుగొచ్చి ఇళ్ళకు పోతున్నామనీ చెప్పారు. ఎప్పుడైనా అదే మొదట దొరికేదిట. ఎక్కడ వెతికారని ఆమె అడిగితే అన్నిచోట్లా అన్నారు. మూత పడే పెట్టెలు, పాత బావులు, లారీల కింద నీడ, అన్నీ ఆమె కళ్ళులేని తలలో ఒక్కసారిగా తెరుచుకున్నాయి.

ఆమె గొంతు బొంగురుపోవడం రేకు డబ్బాల అతనికి వినిపించింది. సుత్తి ఆగింది.

"ఈ మోతలో మీకేం వినపడుతుందమ్మా, ఉండండి" అన్నాడు. లేచి దుకాణంలోంచి కేక పెట్టాడు. "ఒరే, ఆ జనరేటరు ఆపరా. ఆవిడ పిల్ల మువ్వలు వినాలి."

జనరేటరు దగ్గును మింగి ఆగింది. కాపీల కోసం నిలబడ్డవాళ్ళు ఎవరూ గొణగలేదు. టీ కొట్టువాడు రేడియో కట్టేశాడు. మరిగే పాల గిన్నెలో తిప్పుతున్న గరిటె కూడా తీసినట్టున్నాడు. ఎవరో సైకిలు దిగి పట్టుకుని నిలబడ్డారు, గొలుసు చప్పుడు ఆగింది. ఆ వీధి అంత నిశ్శబ్దంగా ఉండగలదని ఆమెకు తెలియదు. ఆమె కోసం అంతమంది చేతిలో పని ఆపుకుని, చెవులు రిక్కించి నిలబడ్డారు. ఆమె వింటున్నదనుకున్నారు.

ఆమె పిడికిలి గట్టిగా మూసుకుని ఉంది. ఎలా చెప్పాలో తెలియలేదు. చెయ్యి వణికింది.

"అదుగో" అన్నాడు రేకు డబ్బాల అతను సంతోషంగా. "వినిపించింది. ఇక్కడే ఎక్కడో ఉందమ్మా."

ఆమె పిడికిలి తెరిచి చూపించింది.

జనరేటరు మళ్ళీ ఎవరూ వెయ్యలేదు. ఆమె ఆ నిశ్శబ్దంలోంచే పెద్ద రోడ్డు వైపు నడిచింది. పిల్ల అటు వెళ్ళిందని ఎవరూ చెప్పలేదు. కానీ భయపడేవాళ్ళ కాళ్ళు అటే పోతాయి. గోడ ఉన్నంతవరకు గోడ, తర్వాత ఒక ఇనుప కంచె, తర్వాత ఏమీ లేదు. పాదం కింద మట్టి పోయి తారు వచ్చింది. బస్సు ఒకటి వేడిగా పక్కనుంచి దూసుకుపోయింది. అవతలి పక్క ఏదో పిల్ల అరుపు. తన పిల్లదో కాదో తెలియలేదు. మువ్వలు తోడు లేని పిల్ల గొంతు ఎలా ఉంటుందో తనకు తెలియదనిపించింది. ఆమె రోడ్డు మీదికి అడుగు వేసింది.

"అమ్మా, ఆగు. లారీ."

చిన్న చల్లని చెయ్యి ఆమె మణికట్టును పట్టి వెనక్కి లాగింది. లారీ గాలి ఇద్దరి మొహాల మీద కొట్టి పోయింది.

కంచె కిందున్న సిమెంటు దిమ్మె మీద ఆమె కూలబడింది. పిల్ల మణికట్టు వదల్లేదు. పిల్ల వేళ్ళు పాత సామాన్ల దుమ్ము వాసన వేస్తున్నాయి.

"ఎప్పట్నించి నా వెనకాలున్నావ్?"

"రేకు డబ్బాల మామ కొట్టు దగ్గర్నించి."

"అంతమంది ఉన్నారు కదే అక్కడ. ఒక్కళ్ళూ చెప్పలేదే."

"అందరూ నీ చేతికేసి చూస్తున్నారు" అంది పిల్ల.

అప్పుడైనా పలకొచ్చు కదా అని తల్లి అడిగింది. కొడతావని అంది పిల్ల. ఆ తర్వాత, కాలితో మట్టి గీరుతూ, నువ్వు కర్ర తెచ్చుకోలేదుగా, అందుకని వెనకాలే వచ్చానంది. గుంత దగ్గర పడబోతే పట్టుకుందామనుకుందట. నువ్వే తప్పించుకున్నావంది, మెచ్చుకుంటున్నట్టు.

తల్లికి ఏడుపు అప్పుడు వచ్చింది. పిల్ల చూస్తుందని తెలిసినా దాచుకోలేదు. పిల్ల కాసేపు ఆమె భుజం మీద తడుతూ నిలబడి, ఏం చెయ్యాలో తెలియక, దిమ్మె మీద పక్కన కూర్చుని ఒక కాలెత్తి తల్లి ఒళ్ళో పెట్టింది.

"పెట్టెయ్" అంది.

తల్లి ఆ మడమ పట్టుకుంది. దుమ్ముకొట్టుకుపోయి వేడిగా ఉంది. చీలమండ చుట్టూ పట్టీ ఉండే చోట చర్మం మిగతా కాలులా లేదు. నున్నగా, సన్నని గాడిలా లోపలికి ఉంది. నిన్న బిగించిన చోట చిన్న వాపు. ఆ గాడి చుట్టూ ఆమె బొటనవేలు ఒక చుట్టు తిరిగింది. ఇన్నేళ్ళూ మువ్వల్ని వినడమే గానీ ఈ చోటును ఆమె ఎప్పుడూ తడిమి చూడలేదు. కాలు మెల్లగా కిందికి దించింది.

పిల్ల ఆ దించిన కాలును, తల్లి మొహాన్ని మార్చిమార్చి చూసి ఉంటుంది. కాసేపటికి దాని గొంతులో పట్టలేని ఉత్సాహం వచ్చింది.

"ఇవాళ నన్నెవ్వరూ పట్టుకోలేదమ్మా. వెతికీ వెతికీ ఇళ్ళకెళ్ళిపోయారు."

"ఎక్కడ దాక్కున్నావ్?"

"చెప్పను" అంది పిల్ల. "మళ్ళీ దాక్కోవాలిగా."

తల్లి నోట్లో రెండో ప్రశ్న తయారుగానే ఉంది. పెట్టె లాంటిదా, మూత పడుతుందా, పాములూ పురుగులూ ఉన్నాయా. అడిగితే చెబుతుంది కూడా. బెదిరిస్తే చెబుతుంది, బతిమాలితే ఇంకా తొందరగా చెబుతుంది. ఆమె లేచి, తప్పు చెప్పు సర్దుకుని, పిల్ల మోచెయ్యి పట్టుకుంది.

వెనక్కి వస్తుంటే వీధి మళ్ళీ మోగుతోంది. వాళ్ళను చూసి సుత్తి ఒక్కసారి ఆగింది. ఎక్కడ దొరికిందమ్మా అని రేకు డబ్బాల అతను అడిగాడు. నాకు దొరకలేదండీ అంది ఆమె. అతనికి అర్థమైందో లేదో గానీ, పోనీలెండి, ఇంటికి చేరింది, అదే చాలు అన్నాడు. మామ్మ గేటు దగ్గర నిలబడి పిల్లను తిట్టిపోసింది. తిడుతూనే దాని తలలోంచి బూజు తీసేసింది. ఎవరింటి బూజే ఇది అని అడగబోతే తల్లి అడ్డుపడి, పోనివ్వండి మామ్మా అంది.

తండ్రి దుకాణం యజమాని బండి మీద వచ్చేసి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అతని చేతుల్లో ఇంకా వైరు ముక్క ఉంది. దాన్ని వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి ముడులు పడేలా చేశాడు. తల్లి అడుగులు విని లేచాడు.

"దొరికిందా? ఎక్కడుందే ఇంతసేపూ?"

"ఆడుకుంటోంది."

"ఎక్కడ?"

"చెప్పదట" అంది తల్లి.

పిల్ల మోచెయ్యి ఆమె చేతిలోంచి ఎప్పుడు జారిపోయిందో తెలియలేదు. పక్కనే ఉందో, లోపలికి వెళ్ళిందో, గోడవారగా నిలబడి తమ ఇద్దరినీ చూస్తోందో. ఇద్దరూ ఒకరికొకరు ఎదురుగా నిలబడి విన్నారు. ఏమీ వినిపించలేదు. తల్లి చెయ్యి గాలిలోకి లేవబోయింది. ఆమె దాన్ని కిందనే ఉంచుకుంది.

పిల్ల ఎటువైపుందో తెలియక తండ్రి ఊరికే ముందుకు మొహం పెట్టి అడిగాడు.

"బాగుందా ఆ చోటు?"

జవాబు కోసం వాళ్ళు చాలాసేపు ఆగాల్సి వచ్చింది. అది వచ్చింది కూడా ఇద్దరూ అనుకోని వైపు నుంచి, మేడ మెట్ల పైనుంచి.

"చీకటిగా ఉంది నాన్నా" అంది పిల్ల. "బాగుంది."